ఒకే అడాజియో, రెండు నడకలు



1786 మార్చి 2న వియన్నాలో మొజార్ట్ తన రచనల పట్టికలో ఒక కొత్త పియానో కన్సర్టోను రాసుకున్నాడు. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్ళు నిండి నెల దాటింది. అదే నెల 24న ఇంకో కన్సర్టో పూర్తిచేశాడు. మే 1న ‘ఫిగారో పెళ్ళి’ ఆపెరా తొలిసారి రంగస్థలం ఎక్కింది. ఇంత హడావుడి మధ్య పుట్టిన ఆ మార్చి 2 నాటి కన్సర్టోను ఇప్పుడు ఇరవైమూడోది అంటున్నాం. మొజార్ట్ రచనలకు కోచెల్ వేసిన జాబితాలో దాని సంఖ్య 488. మూడు భాగాలు కలిపి సుమారు ఇరవయ్యారు నిమిషాలు. ఈ ప్రసంగం ముఖ్యంగా దాని నడిమి భాగం గురించి, దాన్ని ఇద్దరు పియానో విద్వాంసులు రెండు నడకల్లో వాయించిన తీరు గురించి.

శ్రుతితో మొదలుపెడదాం. కన్సర్టో మొదటి, చివరి భాగాలు ఏ మేజర్‌లో ఉన్నాయి. మన హార్మోనియం లెక్కలో ఆరు శ్రుతి, స్వరాలు శంకరాభరణానివి. నడిమి భాగం ఎఫ్ షార్ప్ మైనర్. అంటే నాలుగున్నర శ్రుతి పెట్టుకుని కీరవాణి స్వరాలు పట్టుకున్నట్టు. కాకపోతే మొదటి కొన్ని చరణాల్లోనే, అంటే తాళపు ఆవర్తనాల్లోనే, సంగీతం ఉన్నట్టుండి శుద్ధ రిషభం వైపు జారుతుంది. కీరవాణిలో ఆ రిషభానికి చోటు లేదు. మన చెవికి అది అన్యస్వరం. పాశ్చాత్యులకు అది బాగా తెలిసిన విషాద ప్రయోగం, దానికి నేపుల్స్ నగరం పేరు పెట్టుకున్నారు. కర్ణాటక సంగీతం వినే అలవాటున్నవాళ్ళు ఈ భాగం విన్నప్పుడు, కారణం తెలియకపోయినా సరిగ్గా అక్కడే ఉలిక్కిపడతారు.

మనకు శ్రుతి అంటే పాడేవారి గొంతుకు సంబంధించిన వ్యవహారం. ఒకటిన్నరలో పాడినా ఐదున్నరలో పాడినా కీరవాణి కీరవాణే. కచేరీ మొత్తానికి ఒకే ఆధార షడ్జం, అది కదలదు. పాశ్చాత్య సంగీతంలో అలా కాదు. ఏ భాగం ఏ శ్రుతిలో నడవాలో స్వరకర్తే నిర్ణయిస్తాడు, వాయించేవారు మార్చడానికి వీల్లేదు. పైగా ఒక్కో శ్రుతికి ఒక్కో స్వభావం ఉందని ఆ కాలంలో గట్టిగా నమ్మేవారు. మొజార్ట్ సమకాలికుడు షూబార్ట్ 1784, 85 ప్రాంతంలో శ్రుతుల స్వభావాల మీద ఒక పెద్ద పట్టికే తయారుచేశాడు. అది ఆయన పోయాక 1806లో అచ్చయింది. ఆయన లెక్కలో ఏ మేజర్ అమాయకమైన ప్రేమకు, యౌవనపు హుషారుకు తగిన శ్రుతి. ఎఫ్ షార్ప్ మైనర్ చీకటి శ్రుతి, గొణుగుడుకూ అసంతృప్తికీ తప్ప పనికిరానిది.

ఏ మేజర్ విషయంలో షూబార్ట్ మాట నాకు అభ్యంతరం లేదు. రెండోది మాత్రం ఒప్పుకోలేను. మొజార్ట్ ఒక పూర్తి భాగాన్ని ఎఫ్ షార్ప్ మైనర్‌లో రాసింది జీవితం మొత్తం మీద ఇదొక్కసారే. ఆ ఒక్కసారిలో గొణుగుడు ఎక్కడా వినపడదు. ఎవరి మీదా ఫిర్యాదు లేని దుఃఖం అది. శ్రుతి పేరు చూసి రసాన్ని నిర్ణయించడం జాతకచక్రం చూసి మనిషి గుణం చెప్పినట్టే ఉంటుంది.

శ్రుతి చేసే పని అసలు లేదని కాదు. ఆ కాలపు కీబోర్డుల్లో పన్నెండు మెట్లూ ఇప్పటిలాగా సమానంగా ఉండేవి కావు. తెల్లమెట్ల దగ్గరి శ్రుతులు తీయగా, షార్ప్‌లు ఎక్కువైన శ్రుతులు కొంచెం కరుకుగా పలికేవి. వాద్యాల సంగతి కూడా ఉంది. మొజార్ట్ ఈ కన్సర్టోలో ట్రంపెట్లు, డ్రమ్ములు తీసేశాడు. ఓబోలు కూడా తీసేసి వాటి చోట రెండు క్లారినెట్లు పెట్టాడు. ‘ఏ’ శ్రుతికి సరిపడే క్లారినెట్ ఉంది చూశారూ, దాని నాదం కొంచెం ముదురుగా, గొంతు తగ్గించి మాట్లాడినట్టు ఉంటుంది. ఈ కన్సర్టో రంగు అదే. అదే ఏడాది సెప్టెంబరులో డోనావెషింగెన్ ఆస్థానానికి ఈ రచనను అమ్మజూపుతూ రాసిన ఉత్తరంలో, అక్కడ క్లారినెట్లు లేకపోతే ఒకదాని బదులు వయొలిన్, రెండోదాని బదులు వియోలా వాడుకోవచ్చని మొజార్ట్ స్వయంగా సర్దుబాటు చెప్పాడు. అమ్మకం జరగాలంటే తప్పదు మరి. క్లారినెట్లు లేని ఈ కన్సర్టోను నేను మాత్రం ఊహించుకోలేను.

ఇప్పుడు ఆ నడిమి భాగంలోకి వెళదాం. వాద్యబృందం మౌనంగా ఉంటుంది. పియానో ఒంటరిగా మొదలుపెడుతుంది. పన్నెండు చరణాల పాటు ఏ పక్కవాద్యమూ లేదు. ఆ తర్వాత క్లారినెట్ ముందుండి వాద్యబృందం జవాబు చెబుతుంది. ఆ జవాబు పియానో పాటకు వంతపాట కాదు, అది వేరే పాట. ఒకరు తన బాధ చెప్పుకుంటుంటే వింటున్నవారు తమ బాధ బయటపెట్టినట్టు. మధ్యలో కాసేపు ఏ మేజర్ వెలుగు వస్తుంది, ఫ్లూటూ క్లారినెట్లూ కులాసాగా మాట్లాడుకుంటాయి. మళ్ళీ మొదటి పాట. చివర్లో తీగవాద్యాలు కమాను పక్కనపెట్టి వేళ్ళతో మీటుతుంటే, పియానో మంద్రంలో ఒక స్వరం, తారంలో ఒక స్వరం, మధ్యలో ఏమీ లేకుండా పెద్ద పెద్ద అంగలు వేస్తుంది. ఈ అంగల దగ్గరకు మళ్ళీ వద్దాం.

ఇక కాలప్రమాణం. అసలు గొడవ ఇక్కడే. ఈ భాగం పైన మొజార్ట్ తన చేత్తో రాసింది ‘అడాజియో’ అన్న ఒక్క మాట. నెమ్మదిగా వాయించమని. ఎంత నెమ్మది? అది చెప్పే సాధనం అప్పటికి లేదు. మెట్రోనోముకు మెల్జెల్ పేటెంటు తీసుకున్నది 1815లో. మొజార్ట్ 1791లోనే పోయాడు. దీనికితోడు తర్వాత వచ్చిన కొన్ని అచ్చుప్రతుల్లో అడాజియో కాస్తా ‘అండాంటే’ అయింది, అంటే ఇంకొంచెం చురుకైన నడక. చివరి భాగం మీద ఉన్న ‘అల్లెగ్రో అస్సాయి’ని కూడా కొన్నిటిలో ‘ప్రెస్టో’ చేశారు. ఎవరో ప్రచురణకర్తకు మొజార్ట్ నెమ్మది నచ్చలేదన్నమాట. ఆ ప్రతులు చూసి నేర్చుకున్న తరాలు వేరే నడకలో నేర్చుకున్నాయి.

తాళం సంగతి చూడండి. ఒక్కో చరణంలో ఆరు చిన్న మాత్రలు. తకిట, తకిట. రెండు తిశ్రాలు. మొదటి అక్షరాన్ని కొంచెం సాగదీసి, రెండోదాన్ని కుదించి, మూడోదాన్ని మామూలుగా వదులుతుంది ఈ పాట. ఈ ఊపుకు సిసిలియానో అని పేరు. సిసిలీ ద్వీపపు పల్లె పాటల పేరుతో పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల స్వరకర్తలు వాడుకున్న నాట్యపు నడక. అంటే మొజార్ట్ ఈ దుఃఖాన్ని ఒక నాట్యం మీద ఎక్కించాడు.

ఇక్కడే కాలప్రమాణం తన మహిమ చూపిస్తుంది. చేత్తో తాళం వేసుకుంటూ వినండి. ఒక వేగం దాటితే చెయ్యి తనంతట తాను చరణానికి రెండు దెబ్బలే వేస్తుంది. అప్పుడు ఊపు తెలుస్తుంది, నాట్యం కనిపిస్తుంది, పాట పొడుగాటి వాక్యాలుగా వినిపిస్తుంది. ఆ వేగం కన్నా తగ్గితే చెయ్యి ఆరు దెబ్బలు లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. నాట్యం పోతుంది. దాని బదులు ప్రతి స్వరమూ ఒక్కో మాటై నిలబడుతుంది. స్వరాలు అవే, శ్రుతి అదే. రెండు దెబ్బల నడకలో అది ఊగుతున్న దుఃఖం. ఆరు దెబ్బల నడకలో కూర్చుండిపోయిన దుఃఖం. మన చౌక కాలపు పదాలు పాడేవారికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. క్షేత్రయ్య పదాన్ని మధ్యమ కాలంలోకి లాగితే స్వరాలన్నీ ఉంటాయి, పదం మాత్రం ఉండదు.

ఇక ఆ ఇద్దరు విద్వాంసుల రికార్డింగుల్లో మొదటిది 1987 నాటిది. మిలాన్‌లో, లా స్కాలా వాద్యబృందంతో, కార్లో మరియా జులీని నిర్వహణలో వ్లాదిమిర్ హొరోవిట్జ్ వాయించాడు. అప్పటికాయనకు 83 ఏళ్ళు. ఆ వయసులో, ఈ సంగీతంలో ఎవరైనా నెమ్మదిని ఆశిస్తారు. పైగా జులీని విశాలమైన, నిదానమైన నడకలకు పేరుమోసిన కండక్టర్. అయినా హొరోవిట్జ్ ఈ అడాజియోను అందరూ అలవాటుపడిన వేగం కన్నా స్పష్టంగా ముందుకు నడిపించాడు. చెయ్యి రెండు దెబ్బలే వేస్తుంది. రికార్డు వచ్చినప్పుడు చాలామంది విమర్శకులు కనుబొమలు ఎగరేశారు. ఇదేం అడాజియో అన్నారు.

నాకది సిసిలియానోగా వినిపిస్తుంది. కుడిచేతి పాట ఎక్కడా ఏడవదు, ఊగుతుంది. దుఃఖాన్ని ఎవరి ముందూ ప్రదర్శించుకోని మనిషి మాట్లాడినట్టు ఉంటుంది. మొజార్ట్ 1777లో ఆగ్స్‌బర్గ్ నుంచి తండ్రికి రాసిన ఉత్తరంలో, అడాజియోలో తన కుడిచెయ్యి స్వేచ్ఛగా వెనకా ముందూ అవుతున్నా ఎడమచెయ్యి తాళం తప్పదని, అది చూసి అక్కడివాళ్ళు ఆశ్చర్యపోయారని చెప్పుకున్నాడు. హొరోవిట్జ్ ఎడమచెయ్యి వింటే ఆ ఉత్తరం గుర్తుకొస్తుంది. ఒక విషయంలో మాత్రం ఆయనను క్షమించడం కష్టం. మొదటి భాగంలో ఏకాకిగా వాయించే కాడెన్జాను మొజార్ట్ ఈ కన్సర్టోలో ఏకంగా మూలప్రతిలోనే రాసిపెట్టాడు. ఆయన అలా చేయడం అరుదు. హొరోవిట్జ్ దాన్ని వదిలేసి తర్వాతి కాలపు స్వరకర్త బుసోని రాసిన కాడెన్జా వాయించాడు. అది వచ్చినప్పుడు ఇంట్లోకి కొత్తమనిషి వచ్చి కూర్చున్నట్టే ఉంటుంది.

రెండో రికార్డింగు 1940ల నాటిది. మాస్కోలో అలెగ్జాండర్ గౌక్ నిర్వహణలో మరీయా యూదినా వాయించింది. దీని చుట్టూ ఒక కథ అల్లుకుని ఉంది, పైగా అది రేడియో కథ. స్టాలిన్ ఒక రాత్రి రేడియోలో యూదినా వాయించిన ఈ కన్సర్టో విని, రికార్డు పంపమన్నాడట. ప్రసారం నేరుగా జరిగింది, రికార్డు లేదు. లేదని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. అప్పటికప్పుడు వాద్యబృందాన్నీ యూదినానూ పిలిపించి, రాత్రికి రాత్రి వాయింపించి, తెల్లారేసరికి ఒకే ఒక్క ప్రతి తయారుచేశారట. స్టాలిన్ డబ్బు పంపితే ఆమె దాన్ని చర్చికి ఇచ్చేసి, మీ పాపాల కోసం ప్రార్థిస్తానని జవాబు రాసిందట. 1953లో ఆయన పోయినప్పుడు గ్రామఫోను మీద ఉన్నది ఆ రికార్డేనట.

ఇన్ని ‘అట’లు ఊరికే వాడలేదు. ఈ కథ స్వరకర్త షొస్తకోవిచ్ చెప్పాడంటూ సొలొమన్ వోల్కోవ్ 1979లో ప్రచురించిన ‘టెస్టిమొనీ’ అన్న పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం ఎంతవరకు నమ్మదగ్గదో పండితుల మధ్య ఇప్పటికీ తగాదానే. ‘డెత్ ఆఫ్ స్టాలిన్’ అనే 2017 నాటి సినిమా ఈ కథతోనే మొదలవుతుంది. కథ నిజమో కాదో గానీ మనిషి మాత్రం అలాంటిదే. యూదు కుటుంబంలో పుట్టి ఆర్థొడాక్స్ క్రైస్తవం తీసుకుంది. దేవుడి పేరెత్తడమే ప్రమాదమైన రోజుల్లో బాహాటంగా విశ్వాసం ప్రకటించింది. 1930లో లెనిన్‌గ్రాడ్ కన్సర్వేటరీ ఉద్యోగం పోగొట్టుకుంది.

ఆమె అడాజియో వింటుంటే చెయ్యి ఆరు దెబ్బలు వేస్తుంది. నాట్యం గుర్తుకే రాదు. ఒక్కో స్వరాన్ని బరువు చూసి కింద పెడుతుంది. పన్నెండు చరణాల ఒంటరి ఆరంభం ఆమె చేతిలో ప్రార్థన అయిపోతుంది. క్లారినెట్ వచ్చాక కూడా ఆ ఏకాంతం చెదరదు. ఇందులో ఆమె జీవితం ఎంత, స్టాలిన్ కథ మన చెవిలో పోసినది ఎంత అన్నది తేల్చడం కష్టం. కథ తెలియని వారికి ముందు వినిపించి, తర్వాత కథ చెప్పడం మంచిది. రికార్డు వెనకాల పుకారు ఉంటే కాలప్రమాణం కూడా బరువెక్కుతుంది.

కాలప్రమాణం కేవలం వాయించేవారి మనసులో పుట్టేది కూడా కాదు. కొంత వాద్యం నిర్ణయిస్తుంది, కొంత రికార్డు తయారీ నిర్ణయిస్తుంది. 1931లో ఆర్థర్ రూబిన్‌స్టీన్ లండన్‌లో బార్బిరోలీ నిర్వహణలో ఈ కన్సర్టోను 78 వేగపు రికార్డుల మీదకు ఎక్కించాడు. ఆ రికార్డు ఒక్కో పక్కన నాలుగు నిమిషాలకు కొంచెం ఎక్కువ పడుతుంది. అడాజియో మధ్యలో లేచి రికార్డు తిరగేయాల్సిందే. ఆయనే 1961లో ఇదే కన్సర్టోను లాంగ్ ప్లే రికార్డు కోసం మళ్ళీ వాయించాడు. అప్పటికి వినేవారు లేవాల్సిన పని లేకుండా పోయింది.

వాద్యం సంగతి ఇంకా ముఖ్యం. మొజార్ట్ వాడిన వియన్నా పియానో ఆంటన్ వాల్టర్ చేసినది. ఐదు స్థాయిలు, చెక్క చట్రం, సన్నని తీగలు, తోలు తొడిగిన చిన్న సుత్తులు. స్వరం మీటగానే చక్కగా పలుకుతుంది, అంత త్వరగానూ ఆరిపోతుంది. ఇప్పటి పియానోకు ఇనుప చట్రం ఉంది, తీగల బిగింపు ఎన్నో రెట్లు ఎక్కువ, స్వరం చాలాసేపు నిలబడుతుంది. యూదినా అంత నెమ్మదిగా వాయించగలిగిందంటే ఇప్పటి పియానో ఇచ్చిన వీలు వల్లనే. వాల్టర్ పియానో మీద ఆ నడకలో స్వరానికీ స్వరానికీ మధ్య నిశ్శబ్దం తప్ప ఏమీ మిగలదు. 1980లలో మాల్కమ్ బిల్సన్ పాత తరహా పియానో నకలు మీద గార్డినర్ బృందంతో మొజార్ట్ కన్సర్టోలు రికార్డు చేశాడు. ఆ వాద్యం మీద ఈ అడాజియో ముందుకు నడవక తప్పదు. అప్పటి వియన్నా శ్రుతి కూడా ఇప్పటి 440 హెర్ట్‌జ్ కన్నా కొద్దిగా కిందనే, 430 దగ్గర ఉండేదని లెక్క. అంటే మొజార్ట్ విన్న ఎఫ్ షార్ప్ మనం వింటున్న ఎఫ్ షార్ప్ కన్నా కొంచెం తక్కువది.

ఇందాక వాయిదా వేసిన అంగల దగ్గరకు వద్దాం. చివర్లో పియానో మంద్రం నుంచి తారానికి, తారం నుంచి మంద్రానికి దూకే ఆ ఒంటి స్వరాలు. వాటిని రాసినవి రాసినట్టే వాయించాలా, మధ్యలో సంగతులు వేసి నింపాలా? మొజార్ట్ తానే వాయించేటప్పుడు చాలాచోట్ల ఎముకల గూడు మాత్రమే రాసుకుని మిగతాది అప్పటికప్పుడు కల్పించేవాడు. ఈ అడాజియోకు అలంకారాలు రాసిన పాత ప్రతి ఒకటి దొరికింది. అది ఆయన శిష్యురాలు బార్బరా ప్లోయర్‌దని పండితుల ఊహ. దాన్ని బట్టి చూస్తే ఆ రోజుల్లో మనోధర్మానికి చోటు ఉన్నట్టే. మనోధర్మం అలవాటైన మనం నింపమనే పక్షాన ఉండాలి. అయినా ఈ ఒక్కచోట నా ఓటు ఖాళీకే. కింద తీగల మీటు నడుస్తుండగా పియానో అంత దూరం దూకి ఏమీ అనకపోవడంలోనే పాట ఉంది. దాన్ని సంగతులతో కప్పితే అందంగానే ఉంటుంది, అంతకన్నా ఏమీ ఉండదు.

మరి రెండు నడకల్లో ఏది సరైనది? కాగితం మీద చూస్తే హొరోవిట్జ్ వైపే మొగ్గు. తాళం రెండు దెబ్బలది, ఊపు నాట్యానిది, వాద్యం త్వరగా ఆరిపోయేది. నా తీర్పు కూడా అదే. యూదినాది మొజార్ట్ వియన్నాలో వినిపించిన అడాజియో కాకపోవచ్చు. ఎంతో తరచుగా వినదగ్గది కూడా కాదు. కానీ ఏదో ఒక రాత్రి అదే కావాలనిపిస్తుంది, అప్పుడు హొరోవిట్జ్ సరిపోడు.

రెండూ దొరికితే రెండూ వినండి. ఒక్క మనవి మాత్రం ఉంది. ఈ అడాజియోను కత్తిరించి విడిగా వినిపించడం ఈమధ్య బాగా అలవాటైంది. 2005లో వచ్చిన ‘ది న్యూ వరల్డ్’ సినిమాలో వాడుకున్నారు, విషాద సంగీతం పేరుతో తయారైన సంకలనాల్లోనూ ఇదొక్కటే పెడుతున్నారు. అలా వింటే ఇది నిద్రపుచ్చే సంగీతమై కూర్చుంటుంది. దీనికి ముందు ఏ మేజర్‌లో పది నిమిషాలకు పైగా నడిచిన మొదటి భాగం ఉంది. దీని వెనకే, చివరి స్వరం ఆరిందో లేదో, పియానో ఏ మేజర్‌లో ఒక్క గెంతుతో ఆఖరి భాగాన్ని అందుకుంటుంది. ఆ గెంతు వింటేనే అడాజియో ఎంత లోతుకు దిగిందో తెలుస్తుంది. కాబట్టి ఎవరు వాయించినదైనా సరే, మొదటి నుంచి చివరిదాకా మొత్తం కన్సర్టో వినండి.